షర్టులో చేతికుట్టు ఎక్కడ, మిషన్ కుట్టు ఎక్కడ: తరచుగా అడిగే ప్రశ్నలు

కొలతలిచ్చి షర్టు కుట్టించుకునేవాళ్ల నుంచి చేతికుట్టు గురించి అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. ఇటలీలోని నేపుల్స్ షర్టుల వీడియోలు చూసి మొత్తం చేత్తోనే కుట్టాలని పట్టుబట్టేవాళ్లు కొందరు. చేతికుట్టంతా డబ్బు గుంజే ఎత్తు అని కొట్టిపారేసేవాళ్లు ఇంకొందరు. ఇద్దరూ సగం సగమే కరెక్టు. ఆర్డరు ఇవ్వడం దగ్గర్నుంచి కాలర్ అరిగినప్పటి మరమ్మతు దాకా ఆ సందేహాలనీ జవాబులనీ వరసలో పెట్టాం. ఏ జవాబుకా జవాబు విడిగా చదువుకోవచ్చు.

## ఆర్డరు ఇచ్చే ముందు

బిస్పోక్ షర్టు అంటే చేత్తో కుట్టిందేనా?

కాదు. బిస్పోక్ అన్నది కటింగుకి సంబంధించిన సంగతి. మీ ఒక్కరి కొలతలకి, మీ భుజాల వాలుకి, మీరు నిలబడే తీరుకి కాగితం మీద కొత్తగా ప్యాటర్న్ గీసి కుట్టేది బిస్పోక్. ముందే ఉన్న సైజు ప్యాటర్న్‌ని అటూ ఇటూ సవరించి కుట్టేది మేడ్ టు మెజర్. పారిస్‌లో 1838లో మొదలైన షార్వే, లండన్ జెర్మిన్ స్ట్రీట్ దుకాణాలు బిస్పోక్ షర్టులకి పేరుపడ్డవి. అక్కడ పొడవాటి కుట్లన్నీ మిషన్ మీదే పడతాయి. స్లీవ్‌లు, కాలర్, కాజాలు చేత్తో కుట్టే సంప్రదాయం ప్రధానంగా ఇటలీలోని నేపుల్స్‌ది.

మొత్తం షర్టు చేత్తోనే కుట్టేవాళ్లు ఉన్నారా?

ఉన్నారు గానీ చాలా అరుదు. నేపుల్స్‌లో కూడా చేతికుట్టు షర్టు అని అమ్మేవాటిలో ఎక్కువ శాతానికి పక్క కుట్లు మిషన్‌వే. టైమ్ లెక్క చూస్తే కారణం తెలిసిపోతుంది. 19వ శతాబ్దం మధ్యలో అమెరికాలోని వీలర్ అండ్ విల్సన్ కుట్టుమిషన్ల కంపెనీ వేసిన లెక్క ప్రకారం మగవాళ్ల షర్టుకి చేత్తో 14 గంటల 26 నిమిషాలు, మిషన్ మీద 1 గంట 16 నిమిషాలు పట్టేది. మిషన్లు అమ్ముకునేవాళ్ల లెక్క కాబట్టి కాస్త తగ్గించి చూసుకున్నా, తేడా ఎంతుందో అర్థమవుతుంది.

చేతికుట్టు గట్టిదా, మిషన్ కుట్టు గట్టిదా?

షర్టులో ఏ భాగం అన్నదాన్ని బట్టి. మిషన్ కుట్టులో రెండు దారాలుంటాయి. పైదారం, బాబిన్ దారం గుడ్డ మందంలో ఒకదాన్నొకటి మెలేసుకుని లాక్ అవుతాయి. ప్రతి కుట్టూ ఒకే బిగువుతో పడుతుంది. ఒకచోట తెగినా వరసంతా జారిపోదు. పక్క కుట్టు, స్లీవ్ కింది కుట్టు లాంటి పొడవాటి తిన్నని కుట్లకి మిషనే గట్టి. అంత పొడవు చేత్తో ఒకే బిగువు నిలపడం మంచి పనివాడికీ కష్టం. ఎక్కడో ఒకచోట కుట్టు వదులై, లాగినప్పుడు సందు తెరుచుకుంటుంది.

చేతికుట్టుది ఒకటే దారం. ముందుకెళ్లిన సూది కొంచెం వెనక్కి వచ్చి మళ్లీ దిగే బ్యాక్‌స్టిచ్‌లో దారానికి కాస్త వదులు మిగులుతుంది. గుడ్డ సాగినప్పుడు కుట్టూ దానితో పాటు కదులుతుంది. ఆర్మ్‌హోల్ (స్లీవ్ అతికే గుండ్రటి చోటు) లాగా వంపు తిరిగి, అన్ని దిక్కులా లాగుడు పడే చోట ఈ కదలిక పనికొస్తుంది.

టైలర్ పది చోట్ల చేతికుట్టు ఉందంటున్నాడు. పదీ పనికొచ్చేవేనా?

కావు. లెక్క పెంచడం అమ్మకానికి పనికొస్తుంది. పనితనం రీత్యా విలువున్నవి నాలుగు: స్లీవ్ అతకడం, కాలర్ పట్టీని మెడకి కలపడం, కాజాలు, గుండీలు. కఫ్ పైన స్లీవ్ చీలిక మొదట్లో చేత్తో వేసే అడ్డ టాకా చిన్న పనే. అయినా చీలిక అక్కడి నుంచి చిరక్కుండా ఆపుతుంది. పక్క కుట్టు అడుగున ముగిసేచోట వేసే ముక్కోణపు పట్టీ కూడా అంతే. యోక్ (భుజాల మీదుగా వీపు పైన వేసే ముక్క) అంచు మీద, ముందు పట్టీ అంచు మీద కనిపించే చేతికుట్లు మాత్రం దాదాపు అలంకారమే. మిషన్ కుట్టు చేయలేనిది అవేమీ చేయవు. అందం కోసం కావాలంటే వేయించుకోండి, గట్టిదనం కోసం అని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఒక్క చేతిపనికే డబ్బు పెట్టగలను. ఏది అడగను?

కాజాలు. రోజూ మీ వేళ్లకి తగిలేది, రోజూ అరిగేది, మిషన్ కాజాకీ చేతి కాజాకీ తేడా కంటికి తెలిసేది అదే. అయితే ట్రయల్ లేకుండా, గుడ్డ తడపకుండా కుట్టే చోట చేతి కాజాలు అడగడం దండగ. ఆ డబ్బుతో ముందు ట్రయల్ వేయించుకోండి.

మా ఊళ్లో షర్టుకి చేతికుట్టు వేసేవాళ్లు ఎవరూ లేరు. ఎలా?

షర్టు టైలర్ దగ్గర దొరక్కపోవచ్చు, పనివాళ్లు మాత్రం ఉంటారు. జాకెట్లకి హెమ్మింగ్ చేసే ఆడవాళ్ల చేతిలో కుట్టు సన్నగా, సమానంగా పడుతుంది. కాలర్ పట్టీ లోపలి అంచు, అడుగు మడత వాళ్లకి అప్పజెప్పవచ్చు. కాజాలకి సూట్లు, షేర్వానీలు కుట్టే చోట అడగండి. హైదరాబాద్ పాతబస్తీలో అలాంటి కారీగర్లు దొరుకుతారు. ఒక్క జాగ్రత్త: కోటు కాజా లోపల లావు తాడు పెట్టి, ఒక చివర గుండ్రంగా తీస్తారు. షర్టు గుడ్డ మీద అది మొద్దుగా లేచి కనిపిస్తుంది. తాడు లేకుండా, సన్న దారంతో, రెండు చివరలా అడ్డ టాకా వేసి తిన్నగా తీయమని చెప్పండి. ముందు ఒక వేస్టు ముక్క మీద తీయించి చూడండి.

## గుడ్డ, దారం

ఎంత గుడ్డ తీసుకోవాలి? చేతికుట్టుకి ఎక్కువ పడుతుందా?

మామూలు ఒడ్డూ పొడుగూ ఉన్నవాళ్లకి ఫుల్ హ్యాండ్స్ షర్టుకి 58 అంగుళాల పన్నా అయితే 1.6 మీటర్లు, 44 అయితే దాదాపు రెండుంబావు, 36 అయితే రెండున్నర మీటర్లు. గళ్లు, పెద్ద చారలు కలవాలంటే ఇంకో పావు మీటరు. చేతికుట్టు వేసే చోట కుట్టు మార్జిన్ ఒకటిన్నర సెంటీమీటర్ల దాకా వదులుతారు గానీ, దానివల్ల కొనే గుడ్డ మారదు. వీలైతే మరో పావు మీటరు తీసుకుని దాచండి. నాలుగేళ్ల తరువాత కొత్త కాలర్, కఫ్‌లు వేయించుకోడానికి అదే గుడ్డ బజారులో దొరకదు.

గుడ్డ తడిపి ఇవ్వాలా? టైలర్ అక్కర్లేదంటున్నాడు.

తడపాలి. కాటన్ మొదటి ఉతుకుల్లో రెండు నుంచి ఐదు శాతం దాకా ముడుచుకుంటుంది, చేనేత ఇంకా ఎక్కువ. 16 అంగుళాల కాలర్ మూడు శాతం తగ్గితే దాదాపు అరంగుళం పోయినట్టే. ఇక గుండీ పడదు. రాత్రంతా మామూలు నీళ్లలో నానబెట్టి, పిండకుండా నీడన ఆరేసి, కాస్త తడి ఉండగానే ఇస్త్రీ చేసి ఇవ్వండి. కాలర్ నిలబడటానికి లోపల వేసే గట్టి గుడ్డ, కాటన్ బక్రం కూడా తడిపిందా అని టైలర్‌ని అడగండి. గుడ్డ తడిపి, బక్రం తడపకపోతే మొదటి ఉతుకులోనే కాలర్ లోపలికి ముడుచుకుపోతుంది.

పొందూరు ఖద్దరుకి ఏ కుట్టు నప్పుతుంది?

శ్రీకాకుళం జిల్లా పొందూరు సన్న ఖద్దరు తీరు వేరు. కొండపత్తిని వాలుగ చేప దవడతో ఏకి, చేత్తో వడికిన నూలు అది. పోగు ఒకచోట సన్నం, ఒకచోట లావు. మిల్లు పాప్లిన్‌కి పెట్టిన దారం టెన్షన్‌తోనే (బిగువుతోనే) మిషన్ నడిపితే సన్నని చోట గుడ్డ ముడుచుకుంటుంది. 9 లేదా 11 నంబరు సూది వేసి, టెన్షన్ తగ్గించి, కుట్టు పొడవు రెండు మిల్లీమీటర్లకి తగ్గకుండా పెట్టాలి. మరీ దగ్గర కుట్లు వేస్తే సూది రంధ్రాల వరసే చిరుగుకి దారిస్తుంది. పల్చటి రకానికి పక్క కుట్టు ఫ్రెంచ్ సీమ్‌గా (అంచులు లోపల దాగేలా రెండుసార్లు కుట్టే పద్ధతి) వేయించండి, కోసిన పచ్చి అంచు బయటికి నీడలా కనిపించదు. స్లీవ్, కాలర్ చేతికుట్టుకి ఈ గుడ్డ చక్కగా లొంగుతుంది. నేత వదులు కాబట్టి కాజాలకి మాత్రం వెనక పల్చటి కాటన్ ముక్క తప్పనిసరి.

దారం కాటన్‌దా, పాలిస్టర్‌దా?

మిషన్ కుట్లకి సన్న పాలిస్టర్ లేదా పాలిస్టర్ మీద కాటన్ చుట్టిన దారం. తెగదు, ముడుచుకోదు. చేతికుట్లకి కాటన్ నయం, మరీ జారదు, ముడి నిలుస్తుంది. కాజాలకి మెర్సరైజ్డ్ (మెరుపు కోసం రసాయనంతో శుద్ధి చేసిన) కాటన్ లేదా పట్టు దారం. చేతికుట్టు దారాన్ని తేనెమైనం మీదుగా ఒకసారి లాగి, కాగితం మధ్య పెట్టి ఇస్త్రీ చేస్తే మెలిపడదు, నూగు లేవదు.

## కటింగు, ట్రయల్

కచ్చా కుట్ల ట్రయల్ షర్టుకి కూడా అవసరమా?

మొదటిసారి ఆ టైలర్ దగ్గర కుట్టిస్తుంటే అవసరం. కాలర్, కఫ్‌లు పెట్టకుండా, స్లీవ్‌లు కచ్చా కుట్లతో తగిలించి ఒంటి మీద వేసి చూస్తారు. అప్పుడు తెలిసేవి మూడు: రెండు భుజాలు ఒకే ఎత్తులో ఉన్నాయా, వీపు మీద అడ్డ మడత పడుతోందా, చెయ్యి ముందుకి చాపితే ఎక్కడ పట్టేస్తోంది. ఇవేవీ టేపు చెప్పదు. చాలామందికి కుడి భుజం, ఎడమ భుజం ఒక్కలా ఉండవు. ట్రయల్ లేకుండా కుట్టిన షర్టుకి ఎంత చేతికుట్టు వేసినా ఆ వంకర పోదు.

విదేశంలో ఉంటాను. సెలవుల్లో వచ్చి అయిదారు షర్టులు ఒకేసారి కుట్టించుకోవచ్చా?

ఒకటే కుట్టించుకుని తీసుకెళ్లండి. మీ ఇంటి వాషర్‌లో, డ్రైయర్‌లో మూడుసార్లు వేశాక మెడ, స్లీవ్ పొడవు కొలిచి టైలర్‌కి పంపండి. డ్రైయర్ వేడికి కాటన్ ఆరుబయట ఆరేసినదానికన్నా ఎక్కువ ముడుచుకుంటుంది. ప్యాటర్న్ సవరించాక మిగతావి చెప్పండి. ఒక్కసారే ఆరు షర్టులు చెబితే అదే తప్పు ఆరుసార్లు జరుగుతుంది.

## కాలర్

పేస్టింగ్ కాలర్ మంచిదా, కుట్టిన కాలర్ మంచిదా?

పేస్టింగ్ కాలర్‌లో బక్రం మీది రెసిన్ చుక్కలు వేడికి కరిగి గుడ్డకి అంటుకుంటాయి. ఫ్యాక్టరీలో ఇది 150 నుంచి 170 డిగ్రీల వేడితో, గట్టి ఒత్తిడితో పనిచేసే ప్రెస్ మీద జరుగుతుంది. దుకాణంలో ఇస్త్రీ పెట్టెతో అంటిస్తే వేడి చాలొచ్చు గానీ ఒత్తిడి చాలదు. అందుకే పదో ఉతుక్కో పదిహేనో ఉతుక్కో కాలర్ మీద బుడగలు లేస్తాయి. గుడ్డా బక్రం వేర్వేరు మోతాదుల్లో ముడుచుకోవడం రెండో కారణం.

కుట్టిన కాలర్‌లో బక్రం గుడ్డకి అంటుకోదు, అంచుల్లో కుట్టుతో మాత్రమే నిలుస్తుంది. బుడగ రావడానికి ఆస్కారమే లేదు, మడత మెత్తగా గుండ్రంగా తిరుగుతుంది. కానీ ఇస్త్రీ చేతకాకపోతే కాలర్ మీద గీతలు పడతాయి. వీధి చివర ఇస్త్రీ బండికి వేసి, రోజూ ఆఫీసుకి టైతో వెళ్లేవాళ్లకి మంచి ప్రెస్ మీద చేసిన పేస్టింగ్ కాలరే సుఖం. గుర్తుపట్టాలంటే కాలర్ పై పొరని రెండు వేళ్లతో పట్టి పైకి లాగండి. పొరలు విడివిడిగా కదిలితే కుట్టింది, పలకలా ఒక్కటిగా వస్తే అంటించింది.

కాలర్‌ని చేత్తో అతికిస్తే ఒరిగేదేమిటి?

మెడ గుంట వంపుగా ఉంటుంది, కాలర్ పట్టీ దాదాపు తిన్నగా ఉంటుంది. మిషన్ కింద ఈ రెంటినీ కలిపేటప్పుడు మిషన్ పళ్లు కింది పొరని ముందుకి లాగుతాయి, గుడ్డని పైనుంచి నొక్కి పట్టే ప్రెజర్ ఫుట్ పై పొరని వెనక్కి నెడుతుంది. పనివాడు చేత్తో సర్దకపోతే పట్టీ ఒక పక్కకి మెలిపడుతుంది. చేత్తో కుట్టేవాడు వంపు వెంట కొంచెం కొంచెం సర్దుకుంటూ పోతాడు కాబట్టి మెడ చుట్టూ మెత్తగా కూర్చుంటుంది. చాలామంది మధ్యదారి పడతారు. బయటి అంచు మిషన్ మీద, లోపలి అంచు చేతి హెమ్మింగుతో. మా లెక్కలో ఖర్చుకి తగిన ఫలితం దీనిదే. తరువాత కాలర్ మార్చాల్సి వచ్చినా విప్పడం తేలిక.

## స్లీవ్‌లు, పక్క కుట్లు

స్లీవ్‌ని చేత్తో అతికించడానికీ మిషన్ మీద కలపడానికీ అసలు తేడా ఏమిటి?

తేడా కుట్టులో కన్నా పని వరసలో ఎక్కువ ఉంది. మామూలు పద్ధతిలో పక్క కుట్టు వేయకముందే, ఆర్మ్‌హోల్ బల్లపరుపుగా ఉన్నప్పుడే స్లీవ్ కలిపేస్తారు. తరువాత కఫ్ నుంచి చంక దాకా, అక్కడి నుంచి అడుగు దాకా ఒకే ఊపులో కుట్టుకుపోతారు. షర్టు తిరగేసి చంక కింద చూడండి. నాలుగు కుట్లూ ఒకే చుక్క దగ్గర కలుస్తాయి.

నేపుల్స్ పద్ధతిలో పక్క కుట్టు, స్లీవ్ కుట్టు ముందే మూసేస్తారు. గొట్టంగా తయారైన స్లీవ్‌ని గుండ్రటి ఆర్మ్‌హోల్‌లో కోటుకి పెట్టినట్టు పెడతారు. మన చేతులు ఒంటికి పక్కగా కాక కాస్త ముందుకి వేలాడతాయి. అందుకు తగ్గట్టు స్లీవ్‌ని ముందుకి తిప్పి అతికిస్తారు. దాంతో స్లీవ్ కుట్టు పక్క కుట్టుకి ఎదురుగా రాక, జరిగి కనిపిస్తుంది. స్లీవ్ తల చుట్టుకొలత ఆర్మ్‌హోల్ కన్నా అంగుళం వరకో, ఇంకొంచెమో ఎక్కువ పెట్టి, ఆ ఎక్కువని భుజం మీద కొద్దికొద్దిగా సర్దుతూ బ్యాక్‌స్టిచ్ వేస్తారు. అంగుళానికి ఎనిమిది నుంచి పది కుట్లు చాలు. అంచుని లోపల మడిచి రెండో వరస హెమ్మింగ్ చేస్తారు.

మిషన్ మీదా ఇలా గుండ్రంగా అతికించవచ్చు. కానీ ఆ ఎక్కువ గుడ్డని సమానంగా పంచడం చేత్తో వచ్చినంత బాగా రాదు.

భుజం కుట్టు దగ్గర చిన్న చిన్న ముడతలున్నాయి. కుట్టు చెడిందా?

స్లీవ్ చేత్తో అతికించింది అయితే, ముడతలు భుజం పైభాగంలోనే, రెండు వైపులా ఒకే తీరులో ఉంటే అది కావాలని పెట్టిందే. ముడతలు చంక కిందో, ఒక భుజానికి మాత్రమేనో ఉంటే సర్దుడు తప్పింది. కావాలని పెట్టే ముడతలు నచ్చకపోతే కటింగుకి ముందే నున్నటి భుజం కావాలని చెప్పాలి. కుట్టాక సరిచేయాలంటే స్లీవ్ తల కత్తిరించాల్సి వస్తుంది.

చేత్తో అతికించిన స్లీవ్ అయితే చెయ్యి సులువుగా లేస్తుందా?

కొంచెం. అసలు విషయం ఆర్మ్‌హోల్ ఎత్తులో ఉంది. చంక కింద ఆర్మ్‌హోల్ కిందికి జారి ఉంటే చెయ్యి ఎత్తగానే షర్టు మొత్తం ప్యాంటులోంచి బయటికొస్తుంది. దాన్ని ఏ కుట్టూ ఆపలేదు. చంకకి ఒత్తుకోకుండా వీలైనంత పైకి పెట్టమనండి.

పక్క కుట్టు ఎలా ఉండాలి? ఓవర్‌లాక్ చేస్తే తప్పా?

మంచి షర్టులో ఒక పొర అంచు రెండోదాన్ని కప్పేలా మడిచి, పచ్చి అంచులు లోపల దాగేలా కుడతారు. ఒకే సూది మిషన్ మీద రెండుసార్లు కుడితే బయటికి ఒక వరసే కనిపిస్తుంది. రెండు సూదుల మిషన్ అయితే బయటికి రెండు వరసలు, లోపల చాలాసార్లు గొలుసు కుట్టు. గొలుసు కుట్టు తెగితే ఒక చివర నుంచి జారుతూ పోయే ప్రమాదముంది. ఓవర్‌లాక్ (పచ్చి అంచు చుట్టూ దారాలు అల్లే మిషన్ కుట్టు) తప్పని కాదు, రోజువారీ షర్టుకి పనిచేస్తుంది. కానీ కొలతలిచ్చి కుట్టించుకునే ధర చెల్లించి ఓవర్‌లాక్ తీసుకోవడం నష్టం. ఉతుకు ఉతుక్కీ దారం నూగు లేచి చంకలో గీరుకుంటుంది.

అంగుళానికి ఎన్ని కుట్లు ఉండాలి?

మిషన్ డయల్ 2 మిల్లీమీటర్ల మీద ఉంటే అంగుళానికి పన్నెండు, పదమూడు పడతాయి. 1.5 అయితే పదిహేడు, 1.25 అయితే ఇరవై. పక్క కుట్లకి పద్నాలుగు నుంచి పదహారు, కాలర్, కఫ్ పైకుట్టుకి పద్దెనిమిది నుంచి ఇరవై చాలు. ఎక్కువైతే గొప్ప అనుకోవద్దు. గట్టి నేత పాప్లిన్‌లో కుట్లు మరీ దగ్గరైతే పోగుల మధ్య దారానికి చోటు చాలక గుడ్డ ముడుచుకుంటుంది. రేపు లూజు చేయించాలన్నా విప్పడం నరకం.

మిషన్ కుట్టు వెంట గుడ్డ ముడుచుకుపోతోంది. ఎందుకు?

ఎప్పుడు ముడుచుకుందో చూడండి. మిషన్ దిగగానే ముడతలుంటే టెన్షన్ ఎక్కువ, లేదా సూది లావు. 14 నంబరు సూదితో సన్న కాటన్ కుట్టే టైలర్లు చాలామంది ఉన్నారు. 9 లేదా 11 వేసి, పై టెన్షన్, బాబిన్ టెన్షన్ రెండూ తగ్గించి, గుడ్డని ముందూ వెనకా కొద్దిగా బిగబట్టి కుడితే చాలావరకు పోతుంది. రెండు పొరల్లో ఒకటే ముడుచుకుంటే మిషన్ పళ్లు కింది పొరని ఎక్కువ లాగుతున్నాయి, ప్రెజర్ ఫుట్ ఒత్తిడి తగ్గించాలి. కుట్టినప్పుడు బాగుండి ఉతికాక ముడుచుకుంటే దారమో, బక్రమో కుంచించుకుపోయింది. ఇక దానికి ఇస్త్రీ తాత్కాలికమే.

రెండు ముక్కల యోక్ చేతిపనికి గుర్తా?

కాదు. ఎడమ, కుడి భుజాలని విడివిడిగా సర్దడానికి, చారలని భుజం వెంట తిప్పడానికి అది పనికొస్తుంది. ఫ్యాక్టరీ షర్టుల్లోనూ ఉంటుంది.

## కాజాలు, గుండీలు

చేతి కాజా ఎలా తీస్తారు? అంత రేటు ఎందుకు?

మిషన్ ముందు కుట్టి తరువాత మధ్యలో కోస్తుంది. అందుకే మిషన్ కాజా లోపల పోగులు, బక్రం నూగు బయటికి పొడుచుకొస్తాయి. చేతి కాజాలో ముందు కోత, తరువాత కుట్టు. కోసిన అంచు పూర్తిగా దారం కిందికి వెళ్లిపోతుంది.

మొదట పొడవు గుర్తు పెడతారు. గుండీ వ్యాసం, మందం కలిపితే కాజా పొడవు. 11.5 మిల్లీమీటర్ల గుండీ 3 మిల్లీమీటర్ల మందం ఉంటే 14.5 కావాలి. గుర్తుకి చుట్టూ మిల్లీమీటరున్నర దూరంలో సన్న కుట్టు ఒకటి వేసి పొరలు కదలకుండా చేస్తారు. పదునైన ఉలితో ఒకే దెబ్బకి కోస్తారు. కత్తెరతో కోస్తే చివరలు వంకర పోతాయి. కోసిన అంచుని పల్చగా చుట్టి కుట్టి, ఆ మీద అసలు కాజా కుట్టు మొదలవుతుంది. సూది కింది నుంచి పైకి వస్తుండగా దారాన్ని సూది మొన చుట్టూ తిప్పి లాగుతారు. కోత అంచు మీద చిన్న ముడి కూర్చుంటుంది. ఆ ముడి పక్కన ముడి, సందు లేకుండా. రాపిడి అంతా తినేది ఈ ముడుల వరసే. రెండు చివరలా అడ్డ టాకాతో ముగిస్తారు.

మంచి చేతికి ఒక్కో కాజాకి పావుగంట. కాలర్‌కి ఒకటి, ముందు ఆరు, కఫ్‌లకి రెండు, స్లీవ్ చీలికలకి రెండు, మొత్తం పదకొండు. అంటే రెండుముప్పావు గంటలు కాజాలకే. రేటు అక్కడి నుంచి వస్తుంది.

చేతి కాజా అని డబ్బు తీసుకున్నారు. నిజమో కాదో ఎలా తెలుస్తుంది?

వెనక్కి తిప్పండి. చేతి కాజా ముందువైపు కోత అంచున ముడుల గట్టు ఉంటుంది, వెనకవైపు కొంచెం ఎగుడుదిగుడుగా ఉంటుంది. మిషన్ కాజా రెండు పక్కలా చదునుగా, అచ్చు ఒకేలా ఉంటుంది. పదకొండు కాజాలూ మిల్లీమీటరు తేడా లేకుండా ఒకదానికొకటి నకళ్లయితే అనుమానించండి. అంచుల మీది చేతికుట్లకి ఇంకో చిక్కుంది. ఒకే దారంతో అచ్చం చేతి టాకాల్లా వేసే ఏఎంఎఫ్ రకం మిషన్లు ఉన్నాయి. అక్కడా ఎడం మరీ సమానంగా ఉంటే అది మిషనే.

గుండీలు తరచూ ఊడిపోతున్నాయి. తప్పు ఎక్కడ?

గుండీ మిషన్లు చాలావరకు ఒకే దారంతో గొలుసు కుట్టు వేస్తాయి. వెనక దారం కొస తెగి పట్టుబడితే ఒక్క లాగుడుకి మొత్తం జారిపోతుంది. చేత్తో కుట్టేటప్పుడు గుండీకీ గుడ్డకీ మధ్య ముందు పట్టీ మందమంత, రెండు మూడు మిల్లీమీటర్లు, ఎడం వదిలి, ఆ దారపు కాడ చుట్టూ నాలుగైదు చుట్లు బిగించి, వెనక ముడి వేయాలి. ఎడం లేకుండా అంటించి కుడితే గుండీ పెట్టినప్పుడల్లా కాజా నలిగి, దారం అంచుకి రాసుకుని తెగుతుంది. నేపుల్స్ టైలర్లు ఒక రంధ్రం నుంచి మిగతా మూడింటికి దారం విడదీసి కోడికాలు ఆకారంలో కుడతారు. చూడ్డానికి ముచ్చటే, గట్టిదనం మాత్రం కాడ చుట్టడం వల్ల వచ్చేదే.

ముత్యపుచిప్ప గుండీలు వేయించవచ్చా?

వేయించవచ్చు. ముందు భాగానికి 18 లైన్, అంటే పదకొండున్నర మిల్లీమీటర్లు. స్లీవ్ చీలికకి 14 లైన్, దాదాపు తొమ్మిది మిల్లీమీటర్లు. మందం మూడు మిల్లీమీటర్లు ఉన్నవి చూడండి. పల్చటివి రంధ్రాల దగ్గర పగులుతాయి. బండకేసి బాదే ఉతుక్కీ, లాండ్రీ ప్రెస్‌కీ ఇవి తట్టుకోవు.

## తీసుకునేటప్పుడు

షర్టు చేతికొచ్చింది. ఏం చూడాలి?

ముందు తిరగేయండి. బయటి నుంచి ఏ షర్టయినా బాగానే కనిపిస్తుంది. పచ్చి అంచు ఎక్కడైనా ఉందా, కుట్లు మొదలైన చోటా ముగిసిన చోటా దారం కట్టేసి ఉందా చూడండి. చేతికుట్టు వరసని రెండు చేతులా మెల్లగా లాగండి. సందు తెరుచుకుని దారం కనిపిస్తే కుట్టు వదులు. గుడ్డ గుంజుకుపోయి కుట్టు సాగనంటే మరీ బిగువు, నాలుగు ఉతుకుల్లో తెగుతుంది. కాలర్ కొనలు రెండూ కలిపి పొడవు సరిచూడండి. గళ్ల షర్టయితే ముందు పట్టీ మీద, జేబు మీద గళ్లు కలిశాయా చూడండి. ఆఖరుకి వేసుకుని గుండీలన్నీ పెట్టి కూర్చోండి. పొట్ట దగ్గర పట్టీ తెరుచుకుంటే ఆ క్షణమే చెప్పాలి.

## ఉతుకు, మరమ్మతు

చేతికుట్టు షర్టుని వాషింగ్ మెషీన్‌లో వేయొచ్చా?

వేయొచ్చు. గుండీలు విప్పి, తిరగేసి, వల సంచిలో పెట్టి, 30 డిగ్రీల దగ్గర, స్పిన్ తక్కువ పెట్టండి. గుండీలు పెట్టి ఉతికితే గుంజుడంతా కాజాల మీద పడుతుంది.

గంజి పెట్టొచ్చా?

పల్చటి గంజి ఖద్దరుకి అందం. చిక్కటి గంజి మాత్రం కాలర్, కఫ్ మడతల దగ్గర నూలుని పెళుసు చేస్తుంది, ఇస్త్రీ మడత పడ్డ గీత వెంటే గుడ్డ పగులుతుంది. కాజాలు కూడా బిగుసుకుని గుండీ దూరక, వేళ్లతో గుంజాల్సి వస్తుంది.

చేత్తో అతికించిన స్లీవ్ కుట్టు కొంచెం తెగింది. మిషన్ వేయించేయనా?

వద్దు. చుట్టూ చేతికుట్టు కదులుతుంటే మధ్యలో రెండంగుళాల మిషన్ కుట్టు కదలదు. దాని రెండు కొసల దగ్గరా మళ్లీ తెగుతుంది. తెగిన చోటుకి అటూ ఇటూ అంగుళం చొప్పున పాత కుట్టు మీదుగా బ్యాక్‌స్టిచ్ వేస్తే చాలు, పది నిమిషాల పని. పక్క కుట్టు తెగితే మాత్రం నేరుగా మిషన్‌కి ఇవ్వండి.

కాలర్ మడత దగ్గర అరిగిపోయింది, షర్టు మాత్రం బాగుంది. ఏం చేయాలి?

రెండు దారులు. కాలర్‌ని పట్టీ నుంచి విప్పి, తిరగేసి మళ్లీ కుట్టించడం ఒకటి. అరిగిన వైపు కిందికి పోతుంది, ఇంకో రెండేళ్లు నడుస్తుంది. కొనలకి గుండీలు పెట్టే కాలర్లకీ, అడుగున ప్లాస్టిక్ పుల్లల జేబులున్న కాలర్లకీ ఇది కుదరదు. దాచిపెట్టిన గుడ్డతో కొత్త కాలర్, కఫ్‌లు వేయించడం రెండోది. గుడ్డ దాచకపోతే షర్టు అడుగు నుంచో, వీపు యోక్ లోపలి పొర నుంచో తీసి, లోపల తెల్ల గుడ్డ అతికించే టైలర్లున్నారు. అడుగు నుంచి తీస్తే షర్టు పొడవు తగ్గుతుంది, టక్ చేసుకునేవాళ్లు ఆలోచించుకోవాలి. అందుకే మొదటి రోజే, కటింగు అయ్యాక మిగిలిన ముక్కలన్నీ కవర్లో పెట్టి ఇమ్మని అడగండి. అడగకపోతే అవి టైలర్ దగ్గరే ఉండిపోతాయి.